నాలుగు రంధ్రాలు, ప్రయోజనం తెలియదు

ఆ ఆదివారం ఉదయపు కార్యక్రమాన్ని మిల్లీగ్రాం గారు నెల రోజుల ముందే కాగితం మీద పెట్టి, అద్దం పక్కన అతికించి ఉంచారు. ఐదున్నరకు లేవడం, ఆరింటికి స్నానం, ఆరూ నలభైకి కారు ట్యాంకులో పెట్రోలు కొలిచి పోయడం, ఏడింటికి బయలుదేరడం, ఏడూ ఇరవైకి పాత కార్ల ప్రదర్శన జరిగే మైదానం చేరడం, సరిగ్గా గేటు దగ్గర పెట్రోలు అయిపోవడం. ఈ చివరి అంశం పొరపాటున రాసినది కాదు. తూకానికి వచ్చే బండి ట్యాంకు ఖాళీగా ఉండాలన్నది అక్కడి నిబంధన. మిగిలిన పెట్రోలును గొట్టంతో తోడి పారబోసే పని లెక్క రానివాళ్ళదని ఆయన అభిప్రాయం.

ముప్పై ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్న మనిషి. పొడి మందును కాగితం మీద పోసి, అందులోంచి ఒక పలుకును గోటితో వెనక్కి నెట్టి, మళ్ళీ తూచి గాని పొట్లం కట్టరు. ఆయన అసలు పేరు షాపు బోర్డు మీద ఉన్నా అది చదివే ఓపిక ఎవరికీ లేక, వీధి మొత్తం కలిసి ఈ పేరు ఖాయం చేసింది.

ఇక ఆ కారు. ఇటలీలో పుట్టిన రెండు సీట్ల కూపే. అరవై ఏళ్ళ కిందట పందేల కోసమే, తేలికదనమే మోక్షమని నమ్మినవాళ్ళు చేసిన బండి. ఒంటికి అట్టముక్క కన్నా కాస్త మందమైన అల్యూమినియం రేకు, కిటికీలకు గాజు బదులు పలచని ప్లాస్టిక్. అద్దం దించే పిడి బరువని దాని స్థానంలో ఒక తోలుపట్టీ. కాలితో తొక్కే పెడళ్ళకు సైతం జల్లెడలా చిల్లులు. హెల్మెట్ పెట్టుకున్న తలలు తగలకుండా పైకప్పు మీద రెండు గుండ్రటి బుడిపెలు లేపారు. వాటిని మొదటిసారి చూసినప్పుడు ఇల్లాలు, "అయ్యో పాపం, ఎవరో గట్టిగా మొత్తినట్టున్నారు, రెండుచోట్ల బొప్పి కట్టింది" అంది. ఆనాటి నుంచి ఇంట్లో దాని పేరు 'పిట్ట'.

పదకొండేళ్ళ కిందట, మూతపడిన ఒక నూలుమిల్లు గిడ్డంగిలోంచి ఆ పిట్ట ఎముకల గూడుగా ఇల్లు చేరింది. మిల్లీగ్రాం గారు దాన్ని మర మరగా విప్పారు. విప్పిన ప్రతి ముక్కనూ తూచి, పొడుగాటి పుస్తకంలో ఎక్కించి, బాగుచేసి, మళ్ళీ తూచి బిగించారు. మొత్తం పదకొండు వందల నలభై మూడు అంశాలు. అన్నిటి కూడిక ఐదు వందల డెబ్భై ఒక్క కిలోలు. కర్మాగారం వాళ్ళ పాత పుస్తకంలో ఉన్నదీ అంతే. తెల్లటి వస్త్రం మీద సిరాచుక్క లాంటిది ఆ జాబితాలో ఒక్కటే ఉంది. ఆరు వందల పన్నెండో అంశం: "పక్క సీటు కింద, నేల రేకులో నాలుగు రంధ్రాలు. ప్రయోజనం తెలియదు." రంధ్రానికి బరువుండదు గనక ఎదుటి గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీ గడి ఆయనకు పదకొండేళ్ళుగా పంటికింద రాయి.

పళ్ళ ప్రస్తావన వచ్చింది గనక పళ్ళ డాక్టరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాత కార్ల సంఘానికి ఆయన కార్యదర్శి. సంఘం పత్రికలో ఆయన ఒకే ఒక్క వాక్యం రాశాడు: "మిల్లీగ్రాం గారి బండి చాలా అందంగా ఉంది, కట్టుడు పళ్ళు ఎప్పుడూ అసలు పళ్ళ కన్నా అందంగానే ఉంటాయి." అంటే, కొండదారి పందెంలో మొదటి స్థానం గెలిచిన నలభై ఏడో నంబరు కారు ఇది కాదు, పుస్తకం చూసి తయారుచేసిన నకలు అని. ఆ వాక్యం చదివిన రోజు మిల్లీగ్రాం గారు అన్నం మానేశారు. ఈ ఆదివారం తూకంలో నెగ్గితే బండికి 'అసలు' అన్న ఇత్తడి బిళ్ళ బిగిస్తారు. ఓడితే సంఘం రిజిస్టరులో శాశ్వతంగా 'నకలు' అని రాస్తారు. పదకొండేళ్ళ జీవితం ఆ రెండు మాటల మధ్య వేలాడుతోంది.

ఆరూ నలభైకి ఆయన కొలపాత్ర కంటికి ఎదురుగా పట్టుకుని పెట్రోలు కొలుస్తుండగా బామ్మర్ది వచ్చాడు. డ్రైవింగ్ స్కూలు నడిపే భారీకాయుడు, అంతే భారీ మనసున్నవాడు.

"బావగారూ, నేను మీ పక్కన కూర్చోనా?"

"నువ్వెంత?"

"నూట నాలుగు."

"నిన్ను ఎక్కించుకుంటే దీన్ని కారనరు, లారీ అంటారు. మీ అక్కని తీసుకుని నీ బండిలో వెనకాల రా."

ఇంతలో ఇల్లాలు వచ్చింది. వీధివైపు గదిలో టైలరింగ్ షాపు ఆమెది. ఎప్పుడూ మెడలో టేపు వేలాడుతుంటుంది. పిట్ట కోసం ఆమె నీలంరంగు గుడ్డతో నిండు ముసుగు ఒకటి కుట్టింది. "ఏవండీ, మైదానంలో గాలి విపరీతంగా ఉంటుందట. నా ముసుగు ఎగిరిపోకుండా ఏదైనా బరువు..."

"ఆగు!" మిల్లీగ్రాం గారు కొలపాత్ర మీంచి చూపు తిప్పకుండానే చెయ్యెత్తారు. "ఇవాళ ఈ ఇంట్లో బరువన్న మాట వినపడకూడదు. ఎవరి నోటా రాకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది" అని ఆమె నోరు మూసుకుని, తమ్ముడి వంక చూసి, కళ్ళతో షాపు గదివైపు సైగ చేసింది. తమ్ముడు తలూపి లోపలికి నడిచాడు. మిల్లీగ్రాం గారు ఆ సమయంలో ఆరు వందల నలభయ్యో గీత దగ్గర ఉన్నారు. అందుచేత చూడలేదు.

ఏడింటికి పిట్ట బయలుదేరింది. వెనకాలే, నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు పెట్టుకుని బామ్మర్ది కారు. దారి పొడుగునా జనం, ముందు పోతున్న పెద్దాయన ఇంత వయసులో లైసెన్సు పరీక్షకు వెళుతున్నాడనుకుని చేతులూపి ధైర్యం చెప్పారు. మిల్లీగ్రాం గారు దాన్ని పిట్టకు జరుగుతున్న సన్మానంగా స్వీకరించి, అందరికీ హుందాగా తలపంకించారు.

మైదానం గేటు కనిపించింది. ఇంకా రెండు వందల అడుగులుందనగా ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది.

ఆయన కిందికి దిగి గేటు వంక, గడియారం వంక, ట్యాంకు వంక చూశారు. లెక్క తప్పడమా? అసంభవం. బండి ఉండవలసినంత బరువే ఉంటే గేటు దాకా రావలసిందే.

"ఏమైంది బావగారూ?"

"ఏమీ కాలేదు. తొయ్యి."

బామ్మర్ది ఒక్క చేత్తో తోసుకుపోయాడు.

గేటు లోపల, అసలు తూకానికి ముందు ఎవరికి వాళ్ళు సరిచూసుకోవడానికి ఒక కాటా పెట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు పళ్ళాలు, పక్కన ఎర్రటి అంకెలు చూపించే పెట్టె. మిల్లీగ్రాం గారు అద్దాలు తుడుచుకుని, చిరునవ్వు సిద్ధం చేసుకుని, పెట్టె వంక చూశారు.

ఐదు వందల ఎనభై తొమ్మిది.

చిరునవ్వు ఎక్కడిదక్కడే గడ్డకట్టింది. కాటాను తట్టారు. బండిని దింపి మళ్ళీ ఎక్కించారు. అదే అంకె. పద్దెనిమిది కిలోలు ఎక్కువ! మందుల భాషలో చెప్పాలంటే కోటీ ఎనభై లక్షల మిల్లీగ్రాములు.

"దుమ్మేమో" అన్నాడు బామ్మర్ది.

"దుమ్మా? పద్దెనిమిది కిలోల దుమ్ముంటే దాన్ని కారనరు, పొలం అంటారు!"

అయినా తుడిచారు. తరువాత రంగు వేసినవాడి మీద అనుమానం వచ్చింది. ఒక పూత ఎక్కువ వేశాడేమోనని, ఆ పూత బరువెంతో పుస్తకం అట్ట వెనక లెక్కవేశారు. కిలో కూడా రాలేదు. వైపర్లు విప్పి తూచారు. పుస్తకంలో ఉన్నంతే. హారను విప్పారు. అంతే. దీపాలు, తోలుపట్టీలు, అదనపు చక్రం, అన్నీ విప్పి ఇల్లాలి నీలం ముసుగు మీద వరసగా పరిచారు. ప్రతి ముక్కా నిర్దోషి. అన్నీ కలిసిన బండి మాత్రం దోషి. అసలు తూకానికి ఇంకా నలభై నిమిషాలే ఉంది.

అప్పుడే పళ్ళ డాక్టరు అటుగా వచ్చాడు. పరిచి ఉన్న ముక్కలనూ, ఎర్రటి అంకెనూ, మిల్లీగ్రాం గారి మొహాన్నీ తీరిగ్గా చూశాడు.

"ఏమండీ, పిట్ట కాస్త ఒళ్ళు చేసినట్టుందే?"

"ప్రయాణం చేసొచ్చింది గదండీ, నీరు పట్టుంటుంది" అంది ఇల్లాలు, మొగుడు నోరు తెరవకముందే.

డాక్టరు నవ్వుకుంటూ అధికారుల టెంటు వైపు వెళ్ళిపోయాడు. మిల్లీగ్రాం గారు నేల మీద కూలబడ్డారు. "పద్దెనిమిది కిలోలు! ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

బామ్మర్ది ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "అక్కా, నీ కాలిపీట ఎంతుంటుంది?"

"పదిహేనూ ఇరవై మధ్య ఉంటుందిరా. ఎందుకూ?"

"అబ్బే, నా డిక్కీ నిండా అడ్డుగా పెట్టే కోనులున్నాయి. అందుకని దాన్ని పిట్టలోనే పెట్టాను. పక్క సీటు కింద. ఎంత బాగా కూర్చుందనుకున్నావ్! అంగుళం అటూ ఇటూ కదిలితే ఒట్టు."

మిల్లీగ్రాం గారు మెల్లగా లేచారు. సీటు ముందుకు వంచారు. కింద పూలపూల గుడ్డ తొడుగులో, నాలుగు మూలలా నాలుగు పెద్ద బొత్తాలతో ఇల్లాలి కాలిపీట! కుట్టు మిషన్ అదురుతూ పక్కకు జరిగిపోకుండా స్టాండుకు ఆనించి, మీద ఎడమకాలు పెట్టుకుని, ఆమె పదకొండేళ్ళుగా వాడుతున్న దిమ్మ అది.

"కాలిపీటా? ప్రపంచంలో అతి తేలికైన కార్లలో ఒకదానిలో కాలిపీటా? చెప్పొద్దూ నాకు?"

"బరువన్న మాట ఎత్తొద్దన్నారు గదండీ" అంది ఆమె. "ఆ మాట ఎత్తకుండా దాని సంగతి ఎలా చెప్పడం?"

దాంతో ఆయన కోపం రెట్టింపైంది. దిమ్మను రెండు చేతులా లాగి గడ్డిమీద పడేశారు. సరిగ్గా అప్పుడే గాలికి అధికారుల టెంటు మూల గుంజ లేస్తుంటే, దాన్ని కావలించుకుని వేలాడుతున్న టెంటు మేస్త్రి కంటికి అది దేవుడు పంపిన వరంలా కనిపించింది.

"అయ్యగారూ, అది మీకు అక్కర్లేదా?"

"ఈ జన్మకు అక్కర్లేదు. తీసుకుపో!"

తరువాతి అరగంటలో విప్పినవన్నీ మళ్ళీ బిగించారు. కాటా ఎక్కించారు. ఐదు వందల డెబ్భై ఒకటి. మిల్లీగ్రాం గారి వయసు ఇరవై ఏళ్ళు తగ్గింది. బామ్మర్దిని క్షమించారు, ఇల్లాలినీ క్షమించారు. ఆ ఊపులో పళ్ళ డాక్టరును కూడా క్షమించబోయి, ఎందుకైనా మంచిదని ఆగారు.

అసలు తూకం దగ్గర న్యాయనిర్ణేత ఒక పెద్దావిడ. ఎక్కడో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒక మాటకు బదులు అర మాటతో సరిపెట్టుకునే రకం. ఆవిడ కాటా కూడా అదే అంకె చూపించింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మిల్లీగ్రాం గారు పుస్తకం తెరిచి, "కర్మాగారం లెక్కకూ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదండీ" అన్నారు.

"అదే నాకు నచ్చలేదు" అంది పెద్దావిడ.

చప్పట్లు ఆగిపోయాయి. ఆవిడ సంచిలోంచి పసుపుపచ్చబడిన ఒక కాగితం నకలు తీసింది. "ఇది పందెం రోజు తూకం చిట్టా. కర్మాగారంది కాదు, కొండ కిందది. నలభై ఏడో నంబరు: ఐదు వందల ఎనభై తొమ్మిది."

"ఎనభై... తొమ్మిదా?"

"ఆ తరగతికి అంతకన్నా తక్కువ ఉండకూడదు. తక్కువైన బండికి సీసపు పలక బిగించి ముద్ర కొట్టేవాళ్ళు. పక్క సీటు కింద, నాలుగు బోల్టులతో." ఆవిడ కళ్ళద్దాల మీదుగా చూసింది. "అసలు బండి పందెం చిట్టాతో కలవాలి. పుస్తకం చూసి చేసిన బండే పుస్తకంతో కలుస్తుంది."

పదకొండేళ్ళ కచ్చితత్వం ఒక్క వాక్యంతో నేరాంగీకారం అయిపోయింది. మిల్లీగ్రాం గారు పుస్తకం తిరగేశారు. వేళ్ళు వాటంతట అవే ఆరు వందల పన్నెండో అంశం దగ్గరికి పోయాయి. "రంధ్రాలున్నాయండీ. నాలుగు. ప్రయోజనం తెలియదని రాసుకున్నాను."

"రంధ్రాలు ఎవరైనా వేసుకోవచ్చు. పలక ఉందా?"

"లేదు" అన్నారాయన, తనకే వినపడనంత మెల్లగా.

"పదకొండున్నరకు రిజిస్టరు మూసేస్తాను. ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది."

ఆ అంకె కూడా వెక్కిరించినట్టే ఉంది. అంతలో వెనకనుంచి ఇల్లాలి గొంతు: "ఏమండీ, ఆ పలక పదహారంగుళాల పొడుగు, ఎనిమిది వెడల్పు, ముప్పావు మందమేనా?"

పెద్దావిడ కాగితం చూసింది. మొదటిసారిగా ఆవిడ కనుబొమలు కదిలాయి. "అవును. మీకెలా తెలుసు?"

"తొడుగు కుట్టింది నేనే గదండీ, కొలతలు తెలియవా? నాలుగు మూలలా చిల్లులు కూడా ఉన్నాయి. బొత్తాలు వాటిల్లోంచే కుట్టాను." మొగుడి వైపు తిరిగింది. "ఆ గిడ్డంగి చెత్తలో దొరికింది. ఉంచమంటారా పారెయ్యమంటారా అనడిగితే జాబితాలో లేదు, పారెయ్యమన్నారు. నేను కాలికింద పెట్టుకుంటే, సీసం ఒట్టికాలికి తగలకూడదు, తొడుగు వేసుకోమన్నదీ మీరే. గుర్తులేదూ?"

గుర్తుంది. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. సీసమని తెలుసు, ఇంట్లో ఉందని తెలుసు. కాని జాబితాలో లేనిదాన్ని ఎవరు తూస్తారు?

"టెంటు!" అని ఒక్క కేక పెట్టి మిల్లీగ్రాం గారు పరుగు లంకించుకున్నారు. షాపు తెరిచాక ఆయన పరుగెత్తడం అదే మొదలు. వెనకాల ఇల్లాలు, ఆవిడ వెనకాల భూమి అదిరేలా బామ్మర్ది.

టెంటు మేస్త్రి గుంజకు వీపు ఆనించి సేదతీరుతున్నాడు. "ఈ జన్మకు అక్కర్లేదన్నారు గదండీ?"

"ఇది రెండో జన్మనుకో. ఇచ్చెయ్!"

"ఇస్తే టెంటు పడిపోద్దండీ. లోపల పెద్దలున్నారు. ఇంకో బరువేదైనా తెచ్చి..."

"ఇంకో బరువు నేనున్నాగా!" అంటూ బామ్మర్ది ముందుకొచ్చి, గుంజను ఒడిసి పట్టుకుని నిలబడ్డాడు. ఆలోచన మంచిదే. నూట నాలుగు కిలోలు ఏ టెంటుకైనా చాలు. మిల్లీగ్రాం గారు దిమ్మను లాగారు. రెండడుగులు వేశారు. మట్టి జారి తూలారు. బావ పడిపోతున్నాడని చూసిన మరుక్షణం బామ్మర్ది బాధ్యతలన్నీ మరిచిపోయి, గుంజ వదిలేసి, ఆయన్ని పట్టుకోవడానికి దూకాడు.

టెంటు ఒకసారి నిండా ఊపిరి పీల్చుకుని, తొందరేమీ లేకుండా, పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నంత నిదానంగా కిందికి దిగింది. గుడ్డ కింద కుర్చీలు విరిగిన చప్పుడు, శీతల పానీయాల సీసాలు దొర్లిన చప్పుడు, వాటన్నిటి మీదా పళ్ళ డాక్టరు గొంతు: "ఎవరది? ఎవరది? కాస్త తెరవండి!" ఇరవై ఏళ్ళుగా అందరినీ నోరు తెరవమని అడిగినవాడు మొదటిసారి తానే బయటికి దారి తెరవమని అడుగుతున్నాడు.

"తరువాత తెరుద్దాం" అన్నారు మిల్లీగ్రాం గారు. "ఎంతైంది?"

"పదకొండూ ఇరవై మూడు" అన్నాడు బామ్మర్ది, దిమ్మను పసిపిల్లలా చంకనెత్తుకుని పరుగు తీస్తూ.

కాటా పక్కన ఇల్లాలు తొడుగును కత్తెరతో కోసింది. నాలుగు బొత్తాలూ ఒక్కొక్కటే తెగి గడ్డిలో దొర్లాయి. పూలగుడ్డ లోంచి బూడిదరంగు సీసపు పలక బయటపడింది. కాలి మడమ ఆనించినచోట తొడుగులోంచే నున్నగా అరిగి మెరుస్తోంది. పెద్దావిడ దాన్ని తిరగేయించింది. అడుగున, పదకొండేళ్ళుగా ఎవరి కంటా పడని వైపు, గుండ్రటి ముద్ర ఉంది. ముద్ర మధ్యలో లోతుగా నలభై ఏడు.

మిల్లీగ్రాం గారు మోకాళ్ళ మీద కూర్చుని, పలకను సీటు కింద పెట్టారు. నాలుగు చిల్లులు నాలుగు రంధ్రాల మీదికి వచ్చి, చాలాకాలం తరువాత కలిసిన తోబుట్టువుల్లా అతుక్కున్నాయి. పనిముట్ల సంచిలోంచి నాలుగు బోల్టులు తీసి బిగించారు. చివరి బోల్టు బిగిస్తుంటే ఆయన చెయ్యి ఎందుకో మసకగా కనిపించింది. కళ్ళద్దాలు తుడుచుకున్నా లాభం లేకపోయింది.

పెట్టె మీద ఎర్రటి అంకెలు ఊగిసలాడి నిలిచాయి. ఐదు వందల ఎనభై తొమ్మిది.

"అసలు" అంది పెద్దావిడ. ఈసారి ఆ ఒక్క మాటే చాలింది.

మైదానం దద్దరిల్లింది. బామ్మర్ది బావను రెండు చేతులా పైకెత్తి గిరగిరా తిప్పాడు. "బావగారూ, మీరెంత?" అని అరిచాడు. "అరవై రెండు కిలోల నాలుగు వందలు!" అన్నారాయన గాల్లోంచే. లౌడ్‌స్పీకరులో నలభై ఏడో నంబరు మోగిన క్షణానికి పళ్ళ డాక్టరు టెంటు గుడ్డ అంచు ఎత్తి, నెత్తిన ఎవరిదో టోపీతో బయటికి పాకాడు. కార్యదర్శి హోదాలో ఇత్తడి బిళ్ళ బిగించవలసింది ఆయనే.

మిల్లీగ్రాం గారు స్క్రూడ్రైవరు వినయంగా అందించారు. "నొప్పి తెలియకుండా బిగించండి డాక్టరు గారూ. ఇది అసలు పన్ను."

తిరుగు ప్రయాణంలో ఇల్లాలే పక్క సీటులో కూర్చుంది. పదకొండేళ్ళలో అదే మొదటిసారి. సీటు కింద పలక మీద అలవాటుగా ఎడమకాలు ఆనించబోయి, బోల్టులు తగిలి వెనక్కి తీసుకుంది.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, రేపటి నుంచి నా మిషన్ ఆగేదెలా?"

"ఏదో ఒకటి చూస్తాను" అన్నారు మిల్లీగ్రాం గారు. ఇల్లు చేరగానే పుస్తకం తెరిచి, 'ప్రయోజనం తెలియదు' కొట్టేసి, ఖాళీ గడిలో 'పద్దెనిమిది కిలోలు, బోల్టులతో సహా' అని గుండ్రంగా రాశారు. ఇక రాయడానికి ఏమీ మిగలలేదు.

మర్నాటి నుంచి మిషన్ స్టాండుకు ఆనించి ఆ పుస్తకమే ఉంటోంది, కొత్త పూలగుడ్డ తొడుగులో. బాగానే ఆగుతోంది గాని, దాని బరువెంతో మాత్రం ఇంతవరకూ ఎవరూ తూయలేదు.